తిండి పండగల వానాకాలం

ఆ వానాకాలం మా ఇంట్లో ‘తిను’ అనే మాట నిషేధం. ‘ఒక్క ముద్ద’, ‘మా తల్లి కదూ’, ‘ఇదిగో, ఇదే ఆఖరు’ లాంటివి కూడా పైకి అనకూడదు. ఎవరైనా నోరు జారితే తన చెవి తనే మెలిపెట్టుకోవాలని మా ఆయన రూలు పెట్టారు. మొదట్లో ముగ్గురి చెవులూ ఎర్రగానే ఉండేవి.

బొంగరం మా అమ్మాయి. అడుగులు వచ్చినప్పటినుంచీ ఉన్నచోటే గిరగిరా తిరిగి, తూలి కూలబడి, కూలబడ్డందుకు పకపకా నవ్వేది. ఆ పేరు మా అత్తయ్య పెట్టారు. దానికి రెండేళ్ళు నిండిన కొత్తలో, వానలు ఇంకా మొదలవని ఒక మధ్యాహ్నం, నానమ్మ ఒళ్ళో కూర్చుని యాపిల్ ముక్క నములుతుంటే అది గొంతుకు అడ్డం పడింది. నేను ముందుగదిలో కుట్టుమిషను తొక్కుతున్నాను. అత్తయ్య అరిచిన అరుపుకి లోపలికి పరిగెత్తేసరికి పాప పెదాలు నీలంగా ఉన్నాయి. ఆవిడ దాన్ని ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి వాల్చి, అరచేత్తో వీపు మీద చరుస్తున్నారు. ముక్క ఊడి నేల మీద పడింది. పాప కెవ్వుమంది. ఏడుపు విని అంత సంతోషించింది నా జన్మలో అదొక్కసారే.

ఆ తర్వాత బొంగరం పళ్ళ మధ్య ఏదీ పెట్టలేదు. చెంచా కనిపిస్తే మొహం తిప్పేసేది. పళ్ళెం చప్పుడు వింటే మంచం కిందకి దూరేది. సీసాతో పాలు తాగేది, అవి కూడా సగం నిద్రలోనే. గిరగిరా తిరగడం మానేసింది. తిరిగే ఓపిక లేదు దానికి.

అత్తయ్యని నేను ఒక్క మాట అనలేదు. మర్నాటినుంచి పాలు నేనే కలిపేదాన్ని, సీసా నేనే కడిగేదాన్ని, నేనే పట్టేదాన్ని. ఆవిడ వంటింట్లోకి వస్తే పాపని చంకనేసుకుని బయటికి వచ్చేసేదాన్ని. ఏళ్ళ తరబడి ఒక హాస్టల్లో వంట చేసి, ఊళ్ళోవాళ్ళ పిల్లల్నందరినీ పెంచిన మనిషి ఆవిడ. ఆవిడకి వేరే చెప్పక్కర్లేకపోయింది. మనవరాలి గ్లాసు కూడా ముట్టుకోవడం మానేశారు.

*

పిల్లల డాక్టరు పాపని తూకం మీద నిలబెట్టి, అంకె చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఈ వానలు వెళ్ళేలోపు బరువు పెరగాలమ్మా. పెరగకపోతే ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి పాలు పోద్దాం. ఇంకా తగ్గితే వానలు వెళ్ళేదాకా కూడా ఆగను.”

“గొట్టమా?” అంటూ నేను పాప మొహం నా భుజానికి అదుముకున్నాను.

“శిక్ష కాదమ్మా అది. ఆకలితో ఉన్న పిల్లకి ఆసరా. కాకపోతే అది వేశాక మళ్ళీ నోటితో తినడం నేర్పాలంటే ఇంకా కష్టమవుతుంది. అందుకే ముందు పక్క గదిలో మేడమ్‌ని కలవండి.”

పక్క గదిలో మేడమ్ పని, తినడం మానేసిన పిల్లలకి మళ్ళీ తినడం నేర్పడం. ఆవిడ గదిలో కుర్చీలు లేవు, చాపలే. మేం చెప్పిందంతా విని ఆవిడ అడిగింది మమ్మల్ని కాదు, బొంగరాన్నే. ఒక పెద్ద క్యారెట్ దాని ముందు దొర్లించి, “దీనికి కాళ్ళెక్కడున్నాయి?” అంది. బొంగరం క్యారెట్‌ని కాసేపు చూసి, వేలితో తోసి చూసింది.

“ఇంతే,” అంది మేడమ్ మాతో. “ఇప్పుడు దానికి తిండంటే భయం. తిండి పట్టుకున్న మీ మొహాలంటే ఇంకా భయం. ముట్టుకోనివ్వండి, పిసకనివ్వండి, తొక్కనివ్వండి, విసిరెయ్యనివ్వండి. రోజుకొక వస్తువు చాలు. తినమని మాత్రం అనొద్దు. ఒకవేళ నోట్లో పెట్టుకుంటే చప్పట్లు కొట్టొద్దు, ఏడవొద్దు. చూడనట్టు ఉండండి.”

“చూడనట్టు ఎలా ఉంటామండీ?” అన్నాను.

“అన్నిటికంటే కష్టమైంది అదే,” అంది మేడమ్. తర్వాత గొంతుకు అడ్డం పడితే ఏం చెయ్యాలో ఒక గుడ్డబొమ్మ మీద చేసి చూపించి, మా ఇద్దరిచేతా చేయించింది. నోట్లోకి వెళ్ళే అవకాశం ఉన్నదేదైనా వేళ్ళ మధ్య నలిగిపోయేంత మెత్తగా ఉడికించాలని, గట్టివైతే నోట్లో పట్టనంత పెద్దవే ఇవ్వాలని చెప్పి పంపింది.

*

పండగలు మా ఆయన ఆలోచన. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఎక్కడో ఒక మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటూ కనిపెట్టారట. ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టారు.

“ప్రపంచంలో పనీపాటా లేనివాళ్ళు ఎవరో ప్రతి తిండికీ ఒక దినం పెట్టారు తెలుసా? పాప్‌కార్న్‌కో దినం, దుంపలకో దినం, ఆవపిండికి కూడా ఒక దినం!”

“దుంపలకి కూడా పుట్టినరోజా?” అన్నారు అత్తయ్య వెనక గది గుమ్మంలోంచి.

“అవునమ్మా. మనమూ చేద్దాం. రేపు మనింట్లో క్యారెట్ పండగ.”

మర్నాడు పొద్దున్నే క్యారెట్‌కి నేను స్కూలు యూనిఫాం గుడ్డ పీలికతో నెక్‌టై కట్టాను. బళ్ళు తెరిచే సీజను, బట్టల కొట్టుకి యూనిఫాంలు కుట్టి ఇస్తున్నాను. ఇల్లంతా నీలం గుడ్డే, కత్తిరించిన చొక్కా చేతులూ కాలర్లే. క్యారెట్‌ని స్టీలు గిన్నె మీద వాయించాం. దాన్ని రైలింజనుగా చేసి నా దారపు ఉండలు పెట్టెలుగా తగిలించాం. “క్యారెట్ గారికి జై!” అని మా ఆయన చెయ్యెత్తి అరిస్తే, బొంగరం చెయ్యెత్తింది. ఎన్నాళ్ళకో అది చెయ్యెత్తడం చూసి నేను వెంటనే గోడవైపు తిరిగిపోయాను. చూడనట్టు ఉండాలి కదా.

ఆ తర్వాత అరటిపండు పండగ. అరటిపండు చెవి దగ్గర పెట్టుకుని మా ఆయన “హలో, లిఫ్టులో ఇరుక్కున్నారా? భయపడకండి, పెద్ద మెకానిక్కు బొంగరం గారొస్తున్నారు,” అంటే, అది తన అరటిపండు లాక్కుని “అలో! వత్తున్నా!” అంది. బంగాళాదుంపల పండగ రోజు దుంప సగానికి కోసి బీట్‌రూట్ నీళ్ళలో ముంచి, పనికిరాని గుడ్డముక్కల మీద ముద్రలు వేశాం. దాని చేతులు, నా చేతులు, గోడ, పిల్లో కవరు, అన్నీ ఎర్రగా అయిపోయాయి. ఆ రోజు అది వేలు నాక్కుంది. ఒక్కసారే. మా ఆయనా నేనూ ఒకర్నొకరు చూసుకోకుండా ఉండటానికి ఎంత అవస్థ పడ్డామో చెప్పలేను.

అత్తయ్య ఈ పండగలన్నిటికీ కావలసినవి ఉడికించి గిన్నెలో పెట్టి, గిన్నె నేల మీద పెట్టి, వెనక గది గుమ్మంలో కూర్చునేవారు. గుమ్మం దాటి ఇవతలికి వచ్చేవారు కాదు. నేను రమ్మని అనలేదు.

మూడో వారం తూకంలో ముల్లు ఉన్నచోటే ఉంది. “తగ్గలేదు, అదే గొప్ప,” అంది మేడమ్. డాక్టరు మాత్రం కిటికీలోంచి వానని చూసి, “రోజులు పోతున్నాయమ్మా,” అన్నారు.

*

బఠానీల పండగ నాడు మా ఆయన డ్యూటీకి పోయారు. అత్తయ్య బఠానీలు వేలితో తాకితే చితికిపోయేంతగా ఉడికించి ఇచ్చారు. నేను ఇస్త్రీ బల్ల ఒక పక్క ఎత్తిపెట్టి, పైనుంచి ఒక్కో బఠానీ దొర్లించాను. కింద బొంగరం గిన్నె పట్టుకుని కూర్చుంది. దొరికినవి గిన్నెలో పడుతున్నాయి, దొరకనివి నేల మీద చితుకుతున్నాయి. “ఇంకోటి,” అంటోంది. “ఇంకోటి.” ఆ గొంతు విని ఎన్నాళ్ళైందో.

ఉన్నట్టుండి ‘ఇంకోటి’ ఆగిపోయింది.

అది ఒక బఠానీని రెండు వేళ్ళతో పట్టుకుని చూస్తోంది. వాసన చూసింది. నాలుక బయటపెట్టి దాని మీద పెట్టుకుంది. నోరు మూసింది.

నేను చూడకూడదు. ఇస్త్రీ బల్ల కాలు సర్దుతున్నట్టు వంగాను. వంగినా చూస్తూనే ఉన్నాను. దాని కళ్ళు పెద్దవయ్యాయి. గొంతు దగ్గర ఏదో కదిలింది. ‘ఓక్’ మంది.

“ఆగు అమ్మాయ్!” అన్నారు అత్తయ్య గుమ్మంలోంచి. “మెత్తటిది. అదే ఉమ్మేస్తుంది, ఆగు!”

నేను ఆగలేదు. అప్పటికే నా ఎడమచేత్తో దాని దవడ పట్టుకున్నాను, కుడిచేతి వేలు దాని నోట్లో ఉంది. బఠానీ నా గోటికి తగిలి పచ్చటి పిండిలా నలిగిపోయింది. అయినా నేను వేలు తియ్యలేదు. ఇంకేమైనా ఉందేమోనని లోపలంతా వెతికాను. అది తన్నుకుంది. పొద్దున తాగిన పాలన్నీ నా చేతి మీద కక్కేసింది. తర్వాత ఊపిరి పీల్చి, నా మొహాన్ని రెండు చేతులతో దూరంగా తోసింది.

ఆ సాయంత్రం పాలసీసా తెచ్చాను. నన్ను చూసి పెదాలు బిగించింది. అది నిద్రమత్తులో ఉండగా ప్రయత్నించాను. నా చేతి వాసనకే లేచి ఏడ్చింది. మా ఆయన పట్టిస్తే ఎంతో కొంత తాగింది. నేను పట్టుకుంటే చుక్క లోపలికి పోలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు దాని మూత్రం ముదురు పసుపు రంగులోకి వచ్చేసరికి మా ఆయన మాట్లాడకుండా ఆటో పిలుచుకొచ్చారు.

డాక్టరు పాప చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలి చూశారు. “సోమవారం పొద్దున్న రండి. ఈలోపు పాలు పుంజుకుని, కాస్తైనా ఏదైనా లోపలికి పోతే సరే. లేకపోతే గొట్టం వేసేద్దాం. సంచి సర్దుకునే రండి. ఈలోపే ఉచ్చ తగ్గినా, పిల్ల డీలాపడినా ఆగకుండా వచ్చెయ్యండి.”

మేడమ్ గదిలో నేను జరిగిందంతా చెప్పాను. అత్తయ్య ‘ఆగు’ అన్న సంగతి కూడా చెప్పాను. మేడమ్ నన్ను తప్పు పట్టలేదు. “మీ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నేమో,” అంది. “కానీ ప్రస్తుతానికి పాపకి మీ చెయ్యంటే బెదురు. పండగ జరగాలి. మీరు ఆ గదిలో ఉండకూడదు. ఇంకెవరున్నారు?”

“వాళ్ళ నాన్న,” అన్నాను.

“నాకెప్పుడు ఫోనొస్తుందో తెలీదండీ,” అన్నారు మా ఆయన. నావైపు చూడకుండా, “మా అమ్మ ఉంది,” అన్నారు.

మేడమ్ నా మొహం చూసింది. “మీరు ఒప్పుకుంటేనే,” అంది. “మీకు నమ్మకం లేకపోతే ఆ భయం గోడ దాటుకుని పాప దగ్గరికి వెళ్తుంది.”

*

వానకి బట్టలు ఆరక ఇంట్లోనే తీగలు కట్టాం. వెనక గదిలో తడి చీరల మధ్య నిలబడి అత్తయ్య బట్టలు తిరగేస్తున్నారు. నేను ఇవతల నిలబడి అడిగాను.

“రేపు పండగ మీరు చెయ్యాలి అత్తయ్యా.”

“నావల్ల కాదు.” బట్ట దులిపి మళ్ళీ తీగ మీద వేశారు. “నా చేత్తో వద్దమ్మా. ఇంకోసారి ఏదైనా అయితే నేను బతకను. నేను బతికినా నువ్వు బతకనివ్వవు.”

అంత సూటిగా ఆవిడ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు కోపం రావలసింది. రాలేదు. చీర పక్కకి జరిపి ఆవిడ ఎదురుగా వెళ్ళాను.

“ఆ ముక్క బయటికొచ్చింది మీ చేత్తోనే కదా.”

ఆవిడ చేతులు ఆగిపోయాయి. “నువ్వు చూశావా అది?”

“చూశాను.”

“ఇన్నాళ్ళూ నువ్వు ముక్క అడ్డం పడటమే చూశావు, బయటికి రావడం చూడలేదనుకున్నాను,” అన్నారు. తీగ మీది బట్టల క్లిప్పు ఒకటి తీసి, పెట్టి, మళ్ళీ తీసి, “ఏం పండగ?” అని అడిగారు.

“మీ ఇష్టం.”

“అయితే బ్రెడ్డు,” అన్నారు. “అంచులు తీసేసి పాలు చిలకరిస్తే నోట్లో మంచులా పోతుంది. నువ్వెక్కడుంటావు?”

“ముందుగదిలో. కర్టెన్ అవతల.”

“రావద్దు. నేను పిలిస్తేనే రావాలి. పిలుస్తానని నమ్ముతావా?”

“నమ్ముతాను,” అన్నాను. ఆ మాట నోటితో అన్నానే గాని, నా కాళ్ళు నమ్మలేదు.

*

ఆదివారం. మా ఆయన ఇంట్లోనే ఉంటారని ధైర్యంగా ఉన్నాను. పండగ మొదలయ్యే వేళకి ఫోను మోగింది. ఏదో ఆఫీసు భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందట, లోపల మనుషులున్నారట. ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి మా ఇద్దరివైపూ చూశారు.

“వెళ్ళరా,” అన్నారు అత్తయ్య. “అక్కడ వాళ్ళకి ఊపిరాడొద్దూ?”

ఆయన వెళ్ళిపోయారు. వాన చినుకులు మొదలయ్యాయి. నేను ముందుగదిలో మిషను ముందు కూర్చున్నాను. నేను కుట్టుకుంటున్నానని దానికి వినపడుతూ ఉండాలి. అమ్మ వచ్చి నోట్లో వేలు పెట్టదని అప్పుడే దానికి ధైర్యం. ధ్యాసంతా కర్టెన్ అవతలే ఉంది, ఎవరో పిల్లవాడి చొక్కా పాడు చేస్తానని సూదిలోంచి దారం తీసేశాను. గుడ్డ కూడా తీసేశాను. ఉత్త మిషను తొక్కడం మొదలుపెట్టాను.

కర్టెన్ అవతల అత్తయ్య గొంతు. “ఇవాళ బ్రెడ్డు పండగ. బ్రెడ్డు గారికి ఇల్లు లేదట. కట్టి పెడదామా? ఇది గోడ. ఇదింకో గోడ.”

“గోద,” అంది బొంగరం.

“పైకప్పు వెయ్యి. అమ్మో, వానొస్తోంది. బ్రెడ్డు గారు తడిసిపోతున్నారు. వెయ్యి, వెయ్యి.”

“పయిపోయింది.”

“పడిపోతే ఏముంది, మళ్ళీ కడదాం. కిటికీ కావాలి. వేలు పెట్టి పొడువు. ఆఁ, అలా. కిటికీలోంచి ఎవరు కనిపిస్తున్నారు?”

“నామ్మ!”

నేను తొక్కుతున్నాను. సూది పైకీ కిందికీ పోతోంది, కింద ఏమీ లేదు. నవ్వు వినపడింది. మళ్ళీ గోడ పడింది. మళ్ళీ నవ్వు. అత్తయ్య హాస్టల్లో పిల్లలతో ఎలా మాట్లాడేవారో నాకు ఆ రోజే తెలిసింది. ఆవిడ గొంతులో బతిమాలడం లేదు, తొందర లేదు. ఆ ఇల్లు నిలబడటం తప్ప ప్రపంచంలో ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదన్నట్టుంది.

తర్వాత మాటలు ఆగిపోయాయి.

వాన చప్పుడు పెరిగింది. చెవులు కర్టెన్‌కి అప్పగించి తొక్కుతున్నాను. నా కాలు నెమ్మదించింది. నెమ్మదించిందని తెలిసి మళ్ళీ వేగం పెంచాను.

దగ్గు వినపడింది.

చిన్న దగ్గు. వెనకే ఇంకొకటి. నేను కుర్చీలోంచి సగం లేచాను. ఒక చెయ్యి మిషను బల్ల మీద, ఒక పాదం ఇంకా కిందనే తొక్కుతోంది. అడుగు వేస్తే కర్టెన్ అందుతుంది. అవతల నా బిడ్డ ఉంది. పిలవడానికి నోరున్న మనిషి ఉంది. ఆ మనిషి పిలవడం లేదు. పిలవలేకపోతోందా? పిలవక్కర్లేకపోతోందా?

“దగ్గొచ్చిందా?” అన్నారు అత్తయ్య. గొంతు కాస్త కూడా మారలేదు. “మంచి దగ్గు. ఇంకోటి దగ్గు చూద్దాం. గట్టిగా. నేనూ దగ్గుతాను.”

ఆవిడ దగ్గారు. బొంగరం దగ్గింది. ఆవిడ ఇంకా పెద్దగా దగ్గారు. అది కావాలని దగ్గింది, ముసలివాళ్ళలాగా. తర్వాత నవ్వింది.

నేను కూర్చున్నాను. తొక్కుతూనే ఉన్నాను. అలా ఎంతసేపు తొక్కానో తెలియదు. కళ్ళలోంచి నీళ్ళు మిషను బల్ల మీద పడుతుంటే, మిషనుకి తడి తగలకూడదని చీర చెంగుతో తుడుస్తూ తొక్కాను.

చివరికి కర్టెన్ కదిలింది. అత్తయ్య చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కూలిపోయిన బ్రెడ్డు ఇల్లు. ఆవిడ నావైపు చూడలేదు. పళ్ళెంలోకి చూస్తూ, ఇంట్లో సామాను సంగతి చెప్పినట్టు చెప్పారు.

“ఒక గోడ తక్కువుంది.”

నేను వెతికాను. నేల మీద పడిందేమోనని ఆవిడ వెనకగా చూశాను. లేదు.

“గోడంతానా?”

“మూల కాస్త వదిలేసింది.” ఆవిడ పళ్ళెంలో ముక్కలు ఒక పక్కకి జరిపారు. “నిద్రపోతోంది. ఆ మిషను ఇంక ఆపు, చెవులు పోతున్నాయి.”

ఆపాను. ఆవిడ పళ్ళెం వంటింట్లో పెట్టి, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయారు. నేను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. గ్లాసు పట్టుకోవడానికి ఆవిడకి రెండు చేతులూ కావలసి వచ్చాయి.

సాయంత్రం మా ఆయన తడిసి ముద్దై వచ్చారు. లిఫ్టులోవాళ్ళు క్షేమంగా బయటికొచ్చారట. మేం గోడ సంగతి చెబితే, గుమ్మంలోనే నిలబడి తడి చొక్కా చేత్తోనే మొహం కప్పుకున్నారు. ఆ పూట అత్తయ్య చేతిమీదుగా సీసాలో పాలు సగం దాటి తగ్గాయి.

*

సోమవారం సంచి సర్దుకునే వెళ్ళాం. డాక్టరు మేడమ్‌ని పిలిచి మాట్లాడి, “ఇంకో వారం చూద్దాం,” అన్నారు. ఆ వారం తర్వాత ఇంకో వారం.

అంతా సాఫీగా ఏమీ సాగలేదు. ఒక రోజు గుమ్మడికాయ ముద్ద కాస్త పోయేది, తర్వాత రెండు రోజులు మళ్ళీ పాలే. గుడ్డు పండగ నాడు గుడ్డంతా అత్తయ్య జుట్టుకే పూసింది. సేమ్యా పండగ నాడు సేమ్యా పోగుల్ని నా మెడలో దండలా వెయ్యబోతుంటే అవి ఒక్కొక్కటే జారిపోయాయి. కింద పడ్డ పోగు ఒకటి తీసి నోట్లో పెట్టుకుని పీల్చింది. అప్పటికి నన్ను మళ్ళీ గదిలోకి రానిచ్చారు, అత్తయ్య పక్కన, కాస్త వెనగ్గా. ‘ఓక్’ మన్నప్పుడల్లా నా చెయ్యి దానంతటదే లేచేది. అత్తయ్య బొంగరంవైపు చూస్తూనే తన చెయ్యి నా చేతి మీద వేసి అదిమి ఉంచేవారు. ఒకసారి ఆవిడ గోళ్ళు దిగి నా మణికట్టు మీద గాట్లు పడ్డాయి. ఎవరి భయం వల్ల పడ్డాయో నాకు తెలియలేదు.

యూనిఫాంలు ఆలస్యమయ్యాయని బట్టల కొట్టాయన ఇంటికొచ్చి కేకలు వేశాడు. ఆ రోజు బీట్‌రూట్ పండగ. లోపల్నుంచి నానమ్మా మనవరాలూ ఎర్రటి మూతులతో తొంగిచూస్తే, పాపం ఆయన ఏమనుకున్నాడో ఏమో, గొడుగు కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

ఆఖరు వానలప్పుడు తూకానికి వెళ్ళాం. మా ఆయనకి డ్యూటీ. అత్తయ్యా నేనూ పాపని తీసుకుని వెళ్ళాం. బొంగరం తూకం మీద నిలబడి, నిలబడినచోటే ఒక చుట్టు తిరిగింది. డాక్టరు దాన్ని ఆపి, ముల్లు నిలిచేదాకా చూసి, అంకె రాసుకున్నారు.

“గొట్టం మాట ఇంక వదిలేద్దాం,” అన్నారు. “గట్టివి మాత్రం తొందరపడొద్దు. అవి ముట్టుకోవడానికి చాలా టైం పడుతుంది.”

పట్టింది కూడా. కానీ అది వేరే సంగతి.

ఆస్పత్రి బయట బస్సు షెల్టరు కింద కూర్చున్నాం. వాన పడుతూనే ఉంది. బొంగరం నానమ్మ భుజం మీద నిద్రపోయింది. అత్తయ్య దాని కాళ్ళ మీదకి చెంగు కప్పుతూ, నావైపు తిరక్కుండానే మాట్లాడారు.

“ఆ రోజునుంచీ నన్ను ఒక్క మాటైనా అనలేదు నువ్వు.”

నేను రోడ్డు మీద నీళ్ళు చూస్తున్నాను.

“తిట్టి ఉంటే బాగుండేది,” అన్నారు ఆవిడ. “నేనూ రెండు అనేదాన్ని. ఇద్దరం ఏడ్చేవాళ్ళం. అయిపోయేది. నువ్వేమో మాట్లాడకుండా సీసాలు కడుక్కున్నావు. ఆ నీళ్ళ చప్పుడు వింటూ ఎన్ని రోజులు కూర్చున్నానో నీకు తెలీదు.”

“ఇప్పుడు తిట్టమంటారా?” అన్నాను.

ఆవిడ మెడ చాచి రోడ్డు చివరికి చూశారు. “ఇప్పుడా? బస్సొస్తోంది. ఎక్కి కూర్చున్నాక తిట్టు.”

ఎక్కాం. ఒక్క సీటే ఖాళీ ఉంది. ఆవిడ పాపతో కూర్చున్నారు, నేను పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. బస్సు కదిలింది. ఆవిడ తల పైకెత్తి నా కళ్ళలోకి చూశారు.

“ఊఁ. మొదలెట్టు.”

నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. బస్సులో అందరూ చూస్తుండగా, చిన్నపిల్లలాగా, ఆపుకోలేకుండా వచ్చింది.

అత్తయ్య పాపని ఆ భుజం మీదనుంచి ఈ భుజం మీదకి మార్చుకుని, కిటికీవైపు జరిగారు. తన పక్కన జానెడు చోటు చేశారు.

“ఇలా కూర్చో,” అన్నారు. “నిలబడి ఏడిస్తే పడిపోతావు.”